గజ్జల్లో తెల్లగీత

కర్నూలు ఆసుపత్రిలో స్కానింగ్ నేర్చుకుంటున్న డాక్టర్ చరిత ఎవరినీ ఒక పట్టాన నమ్మేది కాదు. గుండె డాక్టరు ప్రభంజన్‌ను అసలే నమ్మేది కాదు. ఆయనకు చేతిలో తొందర, మాటలో విసురు.

ఆ ఉదయం ఈరన్నను స్కానింగుకు తెచ్చారు. ఆదోని జిన్నింగు మిల్లులో పనిచేసే మనిషి. ముందురోజు ప్రభంజన్ అతని గజ్జల్లోని ధమని గుండా సన్నని గొట్టం పంపి గుండెను పరీక్షించాడు. గొట్టం తీశాక, ధమనికి పడ్డ రంధ్రాన్ని చిన్న బిరడాతో మూశాడు. తెల్లారేసరికి అక్కడ వాచింది.

చరిత తెరమీద చూసింది. ధమని లోపల, గోడను అంటుకుని, తళతళలాడే తెల్లగీత.

గొట్టానికి దారి చూపే వైరు ముక్క విరిగి లోపలే ఉండిపోయిందనుకుంది. వెంటనే ప్రభంజన్‌కు ఫోన్ చేసింది.

"బిరడా పెట్టాను కదా, అదే అయ్యుంటుంది," అని ఆయన ఫోన్ పెట్టేశాడు.

ఆలోచించకుండా అంత త్వరగా ఎలా చెప్పాడు? ముందే జవాబు సిద్ధం చేసుకున్నట్టుంది. ఆమె ఆ గీతను అటు నుంచీ ఇటు నుంచీ ఫోటోలు తీయసాగింది. రేపు ఆయన కాదనడానికి వీల్లేకుండా.

"మల్లా కోస్తారా మేడం?" అడిగాడు ఈరన్న.

"కోయాల్సి రావచ్చు," అంది, తెరమీంచి చూపు తిప్పకుండా.

గుమ్మం దగ్గర అతని భార్య సుంకమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అప్పుడు వచ్చింది డాక్టర్ ముంతాజ్. చరితకు పని నేర్పుతున్నది ఆవిడే. ఫోటోలన్నీ చూసింది. శిక్షణ కోసం ఉంచిన బిరడా ఒకటి నర్సు చేత తెప్పించింది. గిన్నెలో నీళ్లు పోసి, బిరడాను అందులో వేసి, స్కానింగ్ పరికరాన్ని నీళ్లకు ఆనించింది.

తెరమీద అదే తెల్లగీత. బిరడాను లోపలినుంచి పట్టి ఉంచే చిన్న పలక అది.

చరిత తల దించుకుంది. "అయితే ఏమీ లేదన్నమాట మేడం," అంటూ ఈరన్న ఒంటికి పూసిన జెల్ తుడవబోయింది.

ముంతాజ్ ఆమె మణికట్టు పట్టుకుంది. పరికరాన్ని మళ్లీ ఆమె చేతిలో పెట్టి, వాపు మీదికి కాస్త జరిపి, రక్తం కదలికను రంగుల్లో చూపే మీట నొక్కింది.

ధమని పక్కన, కండ మధ్యలో, ఎరుపూ నీలమూ సుడి తిరుగుతున్నాయి. రక్తం బయటికి చిమ్మి సంచిలా చేరుతోంది.

"చూశారా! ఆయన సరిగ్గా మూయలేదు," అంది చరిత.

"నొక్కు," అంది ముంతాజ్.

శిష్యురాలి చేతిమీద తన చెయ్యి వేసి, పరికరంతో వాపును గట్టిగా నొక్కింది. ఈరన్న పళ్లు బిగబట్టాడు. చరితకు భుజం నొప్పి పుట్టింది. అయినా ముంతాజ్ చెయ్యి తియ్యలేదు. చాలాసేపటికి సుడి నెమ్మదించింది, సన్నబడింది, ఆరిపోయింది. పక్కనే ధమనిలో మాత్రం రక్తం నిండుగా పారుతూనే ఉంది.

"కోసే పని లేదు ఈరన్నా. ఇవాళంతా కదలకుండా పడుకో. సాయంత్రం మళ్లీ చూస్తాం," అంది ముంతాజ్.

సుంకమ్మ ఉన్నచోటే కూలబడి ఏడ్చింది.

చేతులు కడుక్కునేటప్పుడు చరిత మెల్లగా అడిగింది. "అన్ని ఫోటోలు తీశాను. పక్కనే ఉన్నది నాకెందుకు కనబడలేదు మేడం?"

ముంతాజ్ కుళాయి కట్టేసింది.

"నువ్వు దొంగ కోసం చూశావు. చూడాల్సింది కారే రక్తం కోసం కదమ్మా."