మొహం లేని గార్డు బొమ్మ

ఇలా దగ్గరికి జరుగు. దుప్పటి సరిగ్గా కప్పుకో. కాళ్ళు ఆడించావంటే కథ ఆపేస్తాను. ఊ కొడుతూ ఉండాలి, సరేనా?

అనగనగా ఒక ఊళ్ళో, ఊరంటే మామూలు ఊరు కాదు, బొమ్మల ఊళ్ళో, కొండపల్లిలో, సామ్రాజ్యం అని ఒకావిడ ఉండేది. ఆ ఊళ్ళో ఏ అరుగు మీద చూసినా చెక్క ఏనుగులే, చెక్క ఎడ్లబండ్లే. సామ్రాజ్యం వాటికి రంగులేసేది. చెయ్యి ఎంత మెత్తనో నోరు అంత గట్టి. ఆవిడకి ఒక్కగానొక్క కూతురు, పేరు వరాలు.

వరాలు నడక నేర్చిన కొత్తలో తల్లీకూతుళ్ళు ఊరెళదామని స్టేషనుకి వచ్చారు. ప్యాసింజరు బండి వచ్చింది. జనం తోసుకున్నారు. ఆ తోపులాటలో తల్లి చేతిలోంచి వరాలు జారి, ప్లాట్‌ఫారానికీ బండికీ మధ్య సందులో పడిపోయింది. అప్పుడే బండి కదిలింది.

అయ్యో అని లేచి కూర్చోకు, పడుకునే విను.

బండి చివర్న గార్డు ఉంటాడు కదా, పచ్చజెండా ఊపే ఆయన. ఆయన చూశాడు. చూస్తూనే బ్రేకు లాగాడు. బండి కీచుమని ఆగిపోయింది. జనం పిల్లని పైకి తీశారు. తల పగిలి నెత్తురు కారుతోంది. సామ్రాజ్యం పిల్లని భుజాన వేసుకుని వెనక్కి కూడా చూడకుండా ఆస్పత్రికి పరిగెత్తింది.

ఆ తర్వాత దెబ్బ మానింది. జుట్టు పెరిగి మచ్చ కూడా కనబడకుండా పోయింది. వరాలు వీధిలో ఎగురుతూ, గెంతుతూ, అందరితో పోట్లాడుతూ పెరిగింది. కానీ సామ్రాజ్యానికి మనసులో ఒక బాధ ఉండిపోయింది. తన పిల్లని బతికించిన మనిషికి ఒక్క దణ్ణం పెట్టలేదు. ఆయన మొహమైనా చూడలేదు. స్టేషనుకెళ్ళి అడిగితే, ఆ గార్డుగారిని వేరే లైనుకి మార్చేశారన్నారు. అలా ఏళ్ళు గడిచిపోయాయి.

ఒకరోజు స్టేషన్లో మూటలు మోసే మస్తాను రొప్పుకుంటూ వచ్చాడు.

"సామ్రాజ్యక్కా! ఆనాడు మన వరాలు కోసం బండాపిన గార్డుగారు, దానియేలుగారు, వచ్చే శనివారం రిటైరైపోతున్నారంట. ఆఖరి డ్యూటీ మన ప్యాసింజరు మీదే పడింది. ఇక్కడ కాసేపే ఆగుద్ది, మళ్ళీ దొరకరు, చూసుకో" అన్నాడు.

సామ్రాజ్యం చేతిలో కుంచె పక్కన పెట్టేసింది. ఉత్త చేతుల్తో ఎలా వెళ్ళడం? ఆలోచించి ఆలోచించి, "ఆయన పెట్టెనే చేసి ఇస్తాను. బండి చివరి పెట్టె. గుమ్మంలో ఆయన్నే నిలబెడతాను" అంది.

మామూలుగా ఆ ఇళ్ళల్లో చెక్కడం మగవాళ్ళ పని, రంగులు ఆడవాళ్ళ పని. మొగుడు ఉలి అందుకోబోతే, "ఇది నా మొక్కు. మీరు చెయ్యి పెట్టకండి" అని లాగేసుకుంది. పాపం ఆయన అరుగు మీద కూర్చుని ఏనుగులు చెక్కుకున్నాడు.

అప్పుడు సామ్రాజ్యం పొణికి చెక్క తెచ్చింది. అది దూదిలా తేలిగ్గా ఉంటుంది. దాన్ని సెగ మీద పచ్చి పోయేదాకా ఆరబెట్టింది. గోడలు కోసింది, కప్పు కోసింది, కిటికీలు తొలిచింది, చక్రాలు చెక్కింది. చింతగింజల గుజ్జులో రంపపు పొట్టు కలిపి మక్కు చేసింది. మక్కు అంటే ఆ ఊరి జిగురు. దాంతో అన్నీ అంటించి సున్నం పూసింది.

వరాలు వచ్చి పెట్టెని తోసింది. అది కదల్లేదు. ఇంకాస్త గట్టిగా తోసింది. టక్కున చక్రం ఊడొచ్చింది.

ఏం చేసిందనుకున్నావు ఆ మహాతల్లి? చక్రాలకి కూడా మక్కు పెట్టి బిగించేసింది! మరి ఆ ఊరి బొమ్మ ఏదీ కదలదు కదా. ఎడ్లబండయినా పెట్టిన చోటే ఉంటుంది. ఆవిడ చేతికి అంటించడమే అలవాటు.

"ఏం, గూట్లో పెట్టుకునేదానికి చక్రాలు తిరక్కపోతే ఏం?" అని కసిరింది.

వరాలు మూతి ముడుచుకుంది. "ఆయన నాకోసం ఆపిన బండి కదమ్మా. మనం ఇంకా ఆపే ఉంచుతామా?" అంది.

సామ్రాజ్యం అంటించిన చక్రాలన్నీ ఊడబీకింది. మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి చక్రాల మధ్య వెదురుపుల్ల దూర్చి, దానికి ఆముదం రాసింది. తోస్తే పెట్టె గడప దాకా దొర్లింది. వరాలు దాని వెనకే పాకింది.

ఆ తర్వాత రంగులు. పండగ రంగులన్నీ వేసేసింది. చిలకపచ్చ, పసుపు, మధ్యలో పువ్వులు. మస్తాను చూసి పకపకా నవ్వాడు. "ఇది రైలా అక్కా, పెళ్ళికూతురి పల్లకీనా?" అన్నాడు. అప్పుడు అదంతా గీకి, అసలు పెట్టెకున్న ఇటుక రంగే వేసింది. తలుపు మీద మటుకు ఒక్క పువ్వు ఉంచింది. అది తన ముచ్చట.

ఇక మిగిలింది గార్డు బొమ్మ. తెల్ల కోటు వేసింది. చేతిలో పచ్చజెండా పెట్టింది. మొహం దగ్గర చెయ్యి ఆగిపోయింది. ఆయన ఎలా ఉంటాడో ఎవరికి తెలుసు? మస్తానుని అడిగితే, "గార్డులాగే ఉంటారక్కా, టోపీ ఉంటది" అన్నాడు. ఘనంగా చెప్పాడు!

"ఎవరి మొహమో వేసి ఇస్తే అది ఆయనకి దణ్ణం ఎట్టా అవుద్ది?" అనుకుంది సామ్రాజ్యం. మొహం ఖాళీగానే ఉంచేసింది. శనివారం బొమ్మతోపాటు సన్న కుంచె, కొబ్బరిచిప్పలో రంగు పట్టుకుని, వరాల్ని వెంటబెట్టుకుని స్టేషనుకి వెళ్ళింది.

బండి వచ్చింది. చివరి పెట్టె గుమ్మంలో నెరిసిన మీసాలాయన, మెడలో బంతిపూల దండతో నిలబడి ఉన్నాడు. సామ్రాజ్యం వరాల్ని ముందుకి తోసింది.

"ఎవరమ్మా ఈ పాప?" అన్నాడాయన.

"మీరు బండాపి బతికించిన పిల్లండీ" అంది సామ్రాజ్యం.

ఆయన అక్కడే మెట్టు మీద కూలబడిపోయాడు. "బతికిందా?" అన్నాడు.

ఇన్నేళ్ళూ ఆయనకి తెలియదు, బంగారూ. "నువ్వు పిల్లని ఎత్తుకుని పరిగెత్తావు. నాకేమో బండి తీసుకుపోక తప్పదు. తర్వాత వేరే లైనుకి వేశారు. ఎవర్నయినా అడుగుదామంటే, పాప ఇక లేదని చెబుతారేమోనని భయమేసిందమ్మా" అన్నాడు. వరాలు తల మీద చెయ్యి పెట్టి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

సామ్రాజ్యం కూడా ఏడుస్తోంది. ఏడుస్తూనే బొమ్మ పెట్టెని ఆయన ఒళ్ళో పెట్టి, కుంచె తీసింది. "మీ రుణం నేను తీర్చుకోలేను బాబూ. కాస్త కళ్ళు తుడుచుకోండి. నీళ్ళు నిండిన కళ్ళు నాకు గీయడం రాదు" అంది.

సిగ్నల్ పడింది. ఇంజను కూత వేసింది. ఒక్కనాడూ బండిని ఆలస్యం చెయ్యని ఆ గార్డు, జెండా చంకలో పెట్టుకుని బుద్ధిగా కూర్చున్నాడు. సామ్రాజ్యం బొమ్మకి మీసం గీసింది. కనుబొమలు దిద్దింది. ఆఖర్న కళ్ళు పెట్టింది. అప్పటికి ఆయన నవ్వుతున్నాడు. కాబట్టి బొమ్మా నవ్వింది.

ఇంజను మళ్ళీ కూత వేసింది. ఆయన పెట్టెని గుండెకి హత్తుకుని లేచాడు. చంకలో జెండా తీసి వరాలు చేతిలో పెట్టాడు.

"ఆనాడు నీకోసం ఆపాను తల్లీ. ఇవాళ నువ్వే పంపించు" అన్నాడు.

వరాలు చెయ్యెత్తి పచ్చజెండా ఊపింది. బండి కదిలింది.

బండి బెజవాడకి,
బొమ్మ తాతగారింటికి,
కథేమో కంచికి,
కునుకు నా బంగారు కంటికి.