పాపయ్యమ్మ రావడం మానేసింది

ప్రశ్న అడిగితే జవాబు చెప్పకుండా చెప్పులు వేసుకోవడం భుజంగరావు గారి అలవాటు. గోదావరి గట్టున ఉన్న కంటి ఆసుపత్రిలో రెటీనా ఆపరేషన్లు నేర్పే పెద్దాయన ఆయన. దగ్గర చేరినవాళ్ళు కత్తి పట్టడం కంటే ముందు ఆయన వెనక నడవడం నేర్చుకుంటారు.

ఆ రోజు అడిగింది హైమవతి. ఓపీ ముగిశాక కుర్చీలో కూలబడి, "ఆపరేషన్లు మానేస్తాను సార్. అద్దాల పరీక్షలు చేసుకుంటూ బతికేస్తాను. పొద్దస్తమానం ఏడుపులే తప్ప బాగైందని ఒక్కరూ చెప్పరు. మనం చేసింది ఫలించిందని తెలిసేదెలా?" అంది.

ఆ ప్రశ్న వెనక పాపయ్యమ్మ ఉంది. పూలు కట్టి అమ్ముకునే మనిషి. ఒక కన్ను చిన్నప్పుడే పోయింది. ఉన్న ఒక్కదానిలోనూ రెటీనా ఊడితే హైమవతి దాన్ని అతికించి, మళ్ళీ ఊడకుండా లోపల గ్యాసు నింపి, బోర్లా పడుకోమని పంపింది. గ్యాసు కరిగేదాకా చూపు మసకేనని ఎంత చెప్పినా వింటేగా! రోజూ వచ్చి, "నా కంట్లో కాలవ పారించేశారండీ డాట్రుగారూ! ఉన్నదొక్క కన్నండీ!" అని వరండా అదిరేలా అరిచేది. కొన్నాళ్ళకు రావడం మానేసింది. చూపించుకోవాల్సిన రోజుకీ రాలేదు. కన్ను పోయిందనీ, పోగొట్టింది తనేననీ హైమవతి తేల్చుకుంది. అప్పట్నుంచి ఆమెకు అన్నం సయించడం లేదు. పూలమార్కెట్ దారిన నడవడమే మానుకుంది.

భుజంగరావు గారు కళ్ళు నులుముకున్నారు. ఆయనా పొద్దుటి నుంచి నిలబడే ఉన్నారు.

"వెలుగు పడితే రాడ్ కణం ఏం చేస్తుంది?" అన్నారు.

రెటీనాలో వెలుగును పట్టే కణం అది. కొత్తగా చేరిన ప్రతి బ్యాచీ తప్పు చెప్పే ప్రశ్న. వెలుగు తగలగానే కణం కేక పెడుతుందనుకుంటారు. నిజానికి చీకట్లో ఉన్నంతసేపూ అది పక్క కణం మీదికి ఒక రసాయనాన్ని ఎడతెగకుండా వదులుతూనే ఉంటుంది. వెలుగు తగిలితే తగ్గిస్తుంది. ఆ తగ్గడమే పక్క కణానికి కబురు. ఈ పాఠం ఇప్పుడు జూనియర్లకు హైమవతే చెబుతోంది.

"ఊరుకుంటుంది సార్. దానికీ దీనికీ ఏమిటి సంబంధం?" అంది విసుగ్గా.

ఆయన చెప్పులు వేసుకున్నారు.

పూలమార్కెట్లో పాపయ్యమ్మ తన చోట్లోనే ఉంది. కనకాంబరాల మధ్య మరువం పెట్టి కడుతూ, బేరమాడే ఒకావిడను దబాయిస్తోంది. "వాడిపోయాయంటారేంటండీ? కళ్ళు పెట్టి చూడండి!"

హైమవతి కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. పాపయ్యమ్మ తలెత్తి ఆమె ముఖంలోకి సూటిగా చూసింది. గుర్తుపట్టలేదు. ఎలా పడుతుంది, ఆ ముఖాన్ని ఎన్నడూ మసకలో తప్ప చూడలేదాయె.

"ఎన్ని మూరలివ్వమంటారండీ?" అంది.

హైమవతి ఆ కంటి వైపే చూస్తోంది. భుజంగరావు గారే, "రెండు మూరలివ్వమ్మా. కంటికి ఆపరేషన్ అయినట్టుంది, ఆసుపత్రికి వెళ్ళి చూపించుకుంటున్నావా?" అన్నారు.

"భలేవారే! కనపడుతుంటే ఆసుపత్రితో పనేంటండీ?" అని పాపయ్యమ్మ పూలు మూర వేసి, దారం తెంపి, ఇంకో బేరం వైపు తిరిగింది.

తిరిగి వచ్చేటప్పుడు హైమవతి పూలపొట్లం చేత్తో పట్టుకుని, నలుగురూ చూస్తారన్న సిగ్గు లేకుండా ఏడ్చింది. "ఒక్క మాట వచ్చి చెప్పి ఉండొచ్చుగా సార్!"

భుజంగరావు గారు అలసటగా నవ్వారు.

"పదమ్మా," అన్నారు. "వార్డులో ఇంకా అరిచేవాళ్ళున్నారు."