దిగని డికాక్షన్

తల్లి చెప్పుల చప్పుడు వినగానే ఆరేళ్ల మిన్ను రెండు చేతులూ వీపు వెనక దాచుకునేది. పసితనంలోనే చక్కెర జబ్బు వచ్చిన పిల్ల. పూటపూటకూ వేలికి సూది పొడిచి నెత్తురు చుక్క చూడాల్సింది తల్లే. చేతులు చాచి అమ్మకు ఎదురు పరుగెత్తే పిల్లల్ని వీధిలో చూసినప్పుడల్లా ఆ తల్లి, భ్రమరాంబ, చూపు తిప్పుకునేది.

ఆ సూదిని తప్పించాలనే ఆమె పరిశోధనంతా. విశాఖలో పుండరీకాక్షయ్య మాస్టారి ప్రయోగశాలలో గోరంత సిలికాన్ రేకు తయారుచేసింది. ఇడ్లీకి ఉన్నట్టే దానికీ ఒళ్లంతా రంధ్రాలు, కాకపోతే కంటికి ఆనవు. ఆ రంధ్రాల గోడలకు చక్కెరను పట్టుకునే ఎంజైమ్ పూయాలి. కన్నీటి బొట్టులో ఉండే కాస్తంత చక్కెర లోపలికి దిగితే, రేకు మీద పడ్డ వెలుతురు రంగు మారాలి.

మారింది, మారీ మారనట్టు. ఇంకాస్త ఎంజైమ్ పట్టించింది. ఈసారి అసలే మారలేదు. చాలలేదు కాబోలనుకుని మళ్లీ పట్టించింది. ఆత్రగాడికి బుద్ధి మట్టు అంటారు. ఇక తల్లి ఆత్రం గురించి చెప్పేదేముంది!

"ఎంత పట్టించినా పలకడం లేదు మాస్టారూ," అంది ఆయన గదిలో కూలబడి.

"కూర్చో, కాఫీ తాగుదాం," అన్నారాయన.

ఇత్తడి ఫిల్టర్ తీసి, పొడి అంచుదాకా నింపారు. బొటనవేలితో అదిమారు. ఇంకాస్త వేసి మళ్లీ అదిమారు. మరిగే నీళ్లు పోసి, మూత పెట్టి, చేతులు కట్టుకుని కూర్చున్నారు.

ఇద్దరూ ఎదురుచూశారు. కింది గిన్నెలో చుక్క పడిన చప్పుడు లేదు. రోజూ ఇంట్లో కాఫీ కలిపే మనిషి ఎంతసేపని ఊరుకుంటుంది?

"అంతలా కుక్కితే డికాక్షన్ ఎలా దిగుతుందండీ? నీళ్లకి దారేదీ?"

"మంచి పొడేనమ్మా," అన్నారాయన అమాయకంగా. "ఎంతో ఇష్టపడి తెప్పించుకున్నాను."

భ్రమరాంబ ఫిల్టర్ వంక చాలాసేపు చూసింది.

కొత్త రేకు చేసి, ఈసారి ఎంజైమ్ పల్చగా పూసి చెయ్యి తీసేసింది. కన్నీటి కోసం ఎక్కడికీ పోనక్కర్లేకపోయింది. మిన్నుని తలుచుకుంటే చాలు. ఉత్త నీటికి ఆకుపచ్చగానే ఉన్న రేకు, ఆ బొట్టు పడ్డాక మెల్లగా పసుపుకి తిరిగింది.

"ఇది నీ పిల్ల దాకా రావడానికి ఏళ్లు పడుతుందమ్మా," అన్నారు మాస్టారు.

"తెలుసండీ."

ఆ సాయంత్రం కూడా మిన్ను చేతులు వెనక్కి పోయాయి. మామూలుగా అయితే గుమ్మంలోనే ఆరా మొదలయ్యేది. ఏం తిన్నావు, కళ్లు తిరిగాయా, బడిలో ఎవరైనా చాక్లెట్ పెట్టారా, చెయ్యి ఇలా తే. ఇవాళ భ్రమరాంబ చెప్పులు విడిచి మెట్టు మీద కూర్చుంది. సూది పెట్టె పక్కన పెట్టుకుంది గానీ మూత తీయలేదు.

కాసేపటికి మిన్ను వచ్చి పక్కన చేరింది.

"అమ్మా, ఇవాళ ఏమీ అడగవా?"

భ్రమరాంబ తల అడ్డంగా ఊపింది. ఒళ్లో చెయ్యి మాత్రం తెరిచి ఉంచింది.

ఆ చేతిలోకి చిన్న చెయ్యి వచ్చి చేరింది.

"ఈ వేలికి పొడువమ్మా," అంది మిన్ను. "దీనికి నొప్పి తక్కువ."