చేంతాడు కాపరి

అనగనగా ఒక రాజ్యం. అయితే పిల్లలూ, మన కథ మొదలయ్యేసరికే అది కూలిపోయింది. రాజులు కొట్టుకున్నారు, కరువొచ్చింది, కోటలూ పేటలూ బూడిదయ్యాయి. చావగా మిగిలిన పాతిక కుటుంబాలు కొండపక్కన ఒక పాడుబడ్డ బావిని చూసి ఆగాయి. నీళ్ళు పాతాళంలో ఉన్నాయి. తోడడానికి తాడు లేదు.

"గుడ్డలు పేనితే తాడు కాదా?" అంది కాశవ్వ. ఆమెకు మిగిలింది మనవరాలు చిట్టి ఒక్కతే. చీరకొంగులు, తలపాగాలు చింపి అందరూ కలిసి చేంతాడు పేనారు. మొదటి చేద పైకొచ్చిన రోజున, "ఇక మనకు రాజనేవాడు వద్దు" అని ఒట్టు పెట్టుకున్నారు.

మరి తాడు ఎవరైనా ఎత్తుకుపోతే? "కండగలవాడు, గంగులు కాపలా ఉంటాడు" అన్నది కూడా కాశవ్వే. ఆ బుద్ధి ఎందుకు పుట్టిందో ఏమో!

కొన్నాళ్ళకు గంగులు, "అవ్వా, ఎండలో మాడుతున్నాను. మొదటి బిందె నాకివ్వండి" అన్నాడు. నిజమే పాపం అనుకుంది కాశవ్వ.

ఇంకొన్నాళ్ళకు, "ఒక్కణ్ణే ఏం చూడగలను? నా బావమరుదులకు కర్రలివ్వండి" అన్నాడు. ఆమె మనసు కీడు శంకించింది. అయినా నలుగురితో పాటు నారాయణా అని ఊరుకుంది.

మూడోసారి అతను అడగనే లేదు. "నీళ్ళు కావాలంటే 'రాజా' అని దండం పెట్టండి" అన్నాడు.

ఆ రోజు చిట్టికి జ్వరం. పెదాలు అట్టలు కట్టాయి. పిల్లను చంకనేసుకుని కాశవ్వ వరసలో నిలబడింది.

"దండం పెట్టవేం ముసలీ?" అన్నాడు గంగులు.

"ఎవరి తాడురా అది? మా ఒంటిమీది బట్టలు కావూ?" అని కాశవ్వ వెనక్కి తిరిగింది. "మీరైనా చెప్పండర్రా!"

ఎవరూ తలెత్తలేదు. వెనకనుంచి ఒక గొంతు మాత్రం, "అవ్వా, నీ పేచీ తర్వాత. ముందు వరస కదలనీ" అంది.

కంచె చేను మేయడం లోకంలో ఉన్నదే. తోటివాళ్ళ మాటకే ఆమె గుండె చెరువైంది. కానీ పిల్ల దాహం ఆగేది కాదు. బిందె కింద పెట్టి చేతులు జోడించింది.

"రాజా," అంది.

నీళ్ళు దొరికాయి. పిల్ల బతికింది.

జ్వరం తగ్గాక చిట్టి బావి దగ్గరికి నడుస్తూ, ఎవరూ చెప్పకుండానే గంగులు వైపు చేతులు జోడించింది. కాశవ్వ ఆ చేతులు విడదీయబోయి, కర్రలు చూసి ఆగిపోయింది.

మొదటి బిందె దగ్గర కాదనలేనివాళ్ళు, చివరి బిందె కోసం చేతులు జోడించక తప్పదు.