రావిచెట్టు అన్న, గోరింక అన్న

ఏడు సముద్రాలకు ఇవతల ఒక రాజు ఉండేవాడు. మధ్యలో అడ్డం రాకుండా వినండర్రా. ఆ రాజుకు ముగ్గురు కొడుకులు. చిన్నవాడు మణిసేనుడు. అతనికిచ్చి చేయాల్సిన పిల్ల కనకలేఖను, ముహూర్తం పెట్టుకున్నాక, గరళనేత్రుడనే మాంత్రికుడు ఏడు సముద్రాల అవతలికి ఎత్తుకుపోయాడు.

"పెద్దవాళ్లం మేముండగా నువ్వు కదలడమేమిట్రా?" అంటూ అన్నలిద్దరూ ఒకరి తర్వాత ఒకరు వెళ్లారు. తిరిగి రాలేదు. మణిసేనుడు బయల్దేరాడు.

ఎవరొచ్చినా మాంత్రికుడు అడిగేది ఒకటే. "చెట్టు గొప్పా, పిట్ట గొప్పా?"

పెద్దవాడు నీడనిచ్చే చెట్టే గొప్పన్నాడు. "అయితే అదే అవు" అని వాణ్ణి రావిచెట్టును చేశాడు, కింద కూర్చుని జపం చేసుకోవడానికి. రెండోవాడు ఆకాశాన తిరిగే పిట్టే గొప్పన్నాడు. వాణ్ణి గోరింకను చేశాడు.

మణిసేనుడు మాత్రం "రెంటినీ కళ్లారా చూసి చెబుతా" అన్నాడు.

"చూడు. చెప్పేదాకా నా గేదెలు కాయి. పారిపోయావో, నీ పిల్ల పీక పిసుకుతా."

గేదెలు కాస్తుంటే గోరింక భుజాన వాలింది. "ఒరే చిన్నోడా, నేను నీ రెండో అన్నని. ఆ రావిచెట్టు మన పెద్దన్న. మాంత్రికుడి ప్రాణం అదిగో ఆ రాతిబురుజు లోపల చిలకలో ఉంది. వాడు చస్తేనే మాకు మనిషిరూపం. ఆ బురుజుకు తలుపు లేదు, కిటికీ లేదు, గునపం దిగదు."

కోటగోడలో రావి మొలిస్తే రాళ్లు ఎలా విచ్చుకుపోతాయో మణిసేనుడు చూసినవాడే. "అన్నా, పెద్దన్న పళ్లు తిను. తిని ఆ బురుజు బీటలో రెట్ట వెయ్యి."

"రాజుకొడుకుని పట్టుకుని ఎంత పని చెప్పావురా!" అంది గోరింక. చెప్పిన పని చేసింది.

మొక్క మొలిచింది. మాంత్రికుడు చూసి పళ్లు నూరాడు. రావిమొక్క పీకితే మంత్రమంతా పోతుందని గురువు పెట్టిన నియమం. "వేలెడు మొక్కేగా" అని వదిలేశాడు.

వేరు దారమంతయింది, తాడంతయింది, తొడంతయింది. ఏళ్లు పోయాయి. చెట్టుకు ఏళ్లు ఒక లెక్కా? పిట్టకు అలా కాదే! గోరింక ముక్కు పాలిపోయింది, రెక్క వాలిపోయింది.

"ఇంకెన్నాళ్లురా?"

"కాస్త ఆగన్నా."

ఒక పొద్దున గోరింక పెద్దన్న చెట్టు మొదట్లో వెల్లకిలా పడి ఉంది. మణిసేనుడు అక్కడే గుంట తీసి కప్పెట్టాడు.

ఆ వానల్లోనే బురుజు బద్దలైంది. మణిసేనుడు చిలకను పట్టుకున్నాడు. మాంత్రికుడు పరుగెత్తుకొచ్చాడు. "జవాబు చెప్పకుండా చంపుతావా?"

"విను. మోసింది పిట్ట, పగలగొట్టింది చెట్టు. ఒకదాన్ని ఎక్కువ చేసి ఇంకోదాన్ని తక్కువ చేసే నోరు నాకు లేదు" అని చిలక మెడ విరిచేశాడు.

రావిచెట్టు మనిషైంది. పెద్దవాడు వెళ్లిననాటి పడుచువాడే. చిన్నవాడి గడ్డం నెరిసింది.

"తమ్ముడేడిరా?"

మణిసేనుడు అతని పాదాల దగ్గరి మట్టి చూపించాడు.

కనకలేఖ చెర విడిచింది. పెళ్లి జరిగింది, చాలాకాలం ఏలారు. పెద్దవాడు మాత్రం తెల్లారితే పెరట్లో చేతులు చాచి కదలకుండా నిలబడేవాడు. ఏ పిట్ట వాలినా, అది ఎగిరిపోయేదాకా చేతులు దించేవాడు కాదు.