పొగగుట్ట మీద బిందెడు నీళ్లు

విరూపాక్ష శాస్త్రిగారికి ఒక అలవాటు ఉండేది. శిష్యుడు అడిగిన ప్రశ్న పుస్తకంలోదైతే అక్కడికక్కడే జవాబు చెప్పేవారు. ప్రశ్న ఇంట్లోంచి వచ్చిందని తోస్తే మాత్రం, "చెప్పులు తొడుక్కో నాయనా, అలా తిరిగొద్దాం" అనేవారు. అందుకే ఆయన దగ్గర తర్కం చదువుకున్న వాళ్లలో చాలామంది పాఠంలోని పంక్తులు మరిచిపోయినా, ఆ చుట్టుపక్కల గుట్టలూ వాగులూ మాత్రం మరిచిపోలేదు.

ఒక పుష్యమాసంలో ఆయన పాత శిష్యుడు యజ్ఞనారాయణ, అందరూ పిలిచే యజ్ఞయ్య, వచ్చాడు. సంస్కృత పాఠశాలలో ఉద్యోగం దొరికి, పెళ్లి చేసుకుని, కొత్త ఊళ్లో కాపురం పెట్టి ఏడాది కాలేదు. కాళ్లు కడుక్కుని కూర్చుంటూనే అడిగాడు.

"గురువుగారూ, అనుమానం ప్రమాణమేనా?"

తర్కంలో అనుమానమంటే కనిపించినదాన్ని బట్టి కనిపించనిదాన్ని తేల్చుకోవడం. కొండ మీద పొగ కనిపిస్తే అక్కడ నిప్పుందని తెలుసుకోవడం. కొత్తగా చేరిన పిల్లలకు మొదటి పాఠం అది. ఇళ్లలో అనుమానమంటే ఏమిటో ఎవరికీ పాఠం చెప్పనక్కర్లేదు. యజ్ఞయ్య మొదటిదాని పేరు చెప్పి రెండోదాన్ని అడుగుతున్నాడని శాస్త్రిగారికి తెలిసిపోయింది. ఊరికే చూస్తూ కూర్చున్నారు. అలా చూస్తే ఎంతటివాడైనా కక్కేస్తాడు.

యజ్ఞయ్య కూడా కక్కాడు. సాయంత్రం పాఠశాల నుంచి ఇంటికి వస్తే ఇంట్లో పొగాకు వాసన. తమ వంశంలో నశ్యం పీల్చిన తాతగారిని మినహాయిస్తే పొగాకు ముట్టిన వాళ్లు లేరు. మరి ఆ వాసన ఎవరిది? పక్కింటావిడ ఒకనాడు మాటవరసకు, "మీ ఆమె పగటిపూట ఇంట్ల ఉండదు గద" అంది. అతను భార్య విశాలాక్షిని ఏమీ అడగలేదు. "కొన్నాళ్లు మీ అమ్మగారింట్లో ఉండు" అన్నాడు. ఆవిడా ఏమీ అడగలేదు. పెట్టె సర్దుకుని వెళ్లిపోయింది. మొన్న బావమరిది వచ్చి, గుమ్మం బయటే నిలబడి, "అక్కను తీసుకురమ్మంటారా, వద్దంటారా బావగారూ? పున్నమి లోపల ఒక్కమాట చెప్పండి. వద్దంటే మళ్లీ మీ గడప తొక్కం" అని వెళ్లాడు.

"నిప్పు లేనిదే పొగ రాదు గదండీ" అన్నాడు యజ్ఞయ్య చివర్న. వద్దని చెప్పడానికి గురువుగారి నోట ఊతమిచ్చే మాట ఒకటి కావాలతనికి. అది దొరికితే పున్నమి దాకా కూడా ఆగేవాడు కాదు.

"పొగ వచ్చే కొండ ఒకటుంది. చూసొద్దాం పద" అన్నారు శాస్త్రిగారు.

రాష్ట్రం సరిహద్దు వైపు పోయేకొద్దీ నేల నల్లబడింది. మట్టి నలుపు, రాయి నలుపు, గోడలు నలుపు. మనిషి పుట్టకముందు అక్కడ భూమి పగిలి నిప్పు ఏరై పారిందట. ఆ నిప్పే చల్లారి ఈ గుట్టలైందట. బస్సులో శాస్త్రిగారు ఆ మాట చెబుతుంటే యజ్ఞయ్య సగమే విన్నాడు. మిగతా సగం మనసు కండక్టర్ మీద ఉంది, టికెట్టు ఇస్తూ ఎందుకు నవ్వాడా అని. ఆ రాత్రి ఊరి బడి వరండాలో పడుకుని, సంచిని తలకింద పెట్టుకుంటే చాలదని చెయ్యి కూడా చుట్టుకున్నాడు.

తెల్లవారుజామున పోశెట్టి వచ్చాడు. వచ్చిన వాళ్లకు గుట్ట చూపించేది ఆ ఊళ్లో అతనే. భుజాన గొంగడి, నెత్తిన నీళ్ల బిందె. "గుట్ట మీద సుక్క నీళ్లు దొర్కయి అయ్యగారూ" అన్నాడు. శాస్త్రిగారు బయల్దేరే ముందే దోసిలి పట్టి తాగారు. యజ్ఞయ్య తాగలేదు. ఏ బావివో, ఎవరు తోడారో. పైగా పోశెట్టి దగ్గరికి రాగానే గుప్పున ఒక వాసన కొట్టింది. తన ఇంట్లో కొట్టిన వాసనే! గొంగడి నిండా అదే. వీడు బీడీలు కాలుస్తాడన్నమాట, అనుకున్నాడు. ఆ తర్వాత గుట్టెక్కినంత సేపూ ఆ గొంగడికి గాలి వాటున నడవకుండా జాగ్రత్తపడ్డాడు.

పోశెట్టి మాటకారి. కూలిన బురుజు చూపించి, అక్కడినుంచి చూస్తే పక్క రాష్ట్రం దేవుడి గుడి దీపాలు కనిపిస్తాయన్నాడు. ఏమీ కనిపించలేదు. ఇంకొంత పైన నల్లరాతి దూలాలు, పలకలు తేలినవి, ఒకదాని పక్కన ఒకటి ఒద్దికగా పడి ఉన్నాయి. ఉలి పట్టకుండా నిప్పే చెక్కిన స్తంభాలవి. చూస్తే ఎవరికైనా ఒళ్లు జలదరిస్తుంది. పోశెట్టి వాటిని తట్టి, "గిది భీముని కట్టెల మోపు. అలిసి దించిండు, మర్సిపోయిండు, రాయైంది" అన్నాడు.

"ఆయనకు అరణ్యవాసంలో పొయ్యిలోకి నీ గుట్టే దొరికిందా?" అన్నాడు యజ్ఞయ్య.

"మరి పెద్దోళ్లు గట్లనే జెప్పిరి" అన్నాడు పోశెట్టి ఏమాత్రం నొచ్చుకోకుండా. శాస్త్రిగారు ఒక రాతి మీద కూర్చుని హాయిగా నవ్వారు. యజ్ఞయ్యకు మాత్రం నవ్వు రాలేదు. భీముడి మీద అబద్ధమాడినవాడు దేనిమీదైనా ఆడతాడు అనుకున్నాడు. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు.

గుట్ట నెత్తిన ఎండుగడ్డి మధ్య ఒక బిలం ఉంది. మనిషి దూరలేడు, తల పడుతుంది. అందులోంచి తెల్లటి పొగ తీరుబాటుగా పైకి లేస్తోంది. "లోపట గుట్టవ్వ అంబలి గాస్తది" అన్నాడు పోశెట్టి. బిందె దించి, గొంగడి నేల మీద పరిచి శాస్త్రిగారిని కూర్చోమన్నాడు. తర్వాత, "దగ్గరికి రాండ్రి అయ్యగారూ, ఏం గాదు" అని యజ్ఞయ్యను పిలిచాడు.

ఆ పిలవడంలోనే యజ్ఞయ్యకు అంతా అర్థమైపోయింది. వీడికి బీడీ అలవాటుంది. బీడీ ఉంటే అగ్గిపెట్టె ఉంటుంది. అగ్గిపెట్టె ఉన్నవాడికి చీకటితో లేచొచ్చి బిలంలో ఇంత పచ్చిగడ్డి కుక్కి అంటించడం ఎంతసేపు? వింత చూపిస్తే వచ్చినవాళ్లు చేతిలో ఏదో ఒకటి పెట్టకపోతారా? లంకెకు లంకె అతికింది. తర్కమంటే ఇదీ అనిపించి యజ్ఞయ్య ఒళ్లు పొంగింది. గురువుగారి కళ్లముందే దొంగను పట్టుకునే అవకాశం మళ్లీ వస్తుందా? ఒక్క ఉదుటున బిందె ఎత్తి, నీళ్లన్నీ బిలంలో గుమ్మరించాడు.

"ఇప్పుడు రమ్మను నీ పొగని!" అని అరిచాడు.

చుయ్యిమన్న చప్పుడు లేదు. కమురు వాసన లేదు. నీళ్లు లోపల ఎక్కడికో గళగళా జారిపోయాయి. పొగ మాత్రం ఎప్పటిలాగే తీరుబాటుగా లేస్తూనే ఉంది. యజ్ఞయ్య నిప్పు కోసం బిలంలో చెయ్యి పెట్టాడు. మోచేతి దాకా వెచ్చగా, తేమగా తగిలింది, బర్రె మొహం మీద ఊపిరి వదిలినట్టు. చెయ్యి తీసి చూసుకుంటే మసి లేదు, చెమ్మ ఉంది. ఆ చలిలో రొప్పుతున్న తన నోట్లోంచి కూడా అలాంటి పొగే వస్తోందని అతను అప్పుడే గమనించాడు.

పోశెట్టి బోర్లించిన బిందె వైపు చూశాడు. వంగి దాన్ని నిలబెట్టాడు. "చెయ్యి పెట్టి సూడుమనే పిలిస్తి గద అయ్యగారూ. నీళ్లెందుకు పారబోస్తిరి?" అన్నాడు.

కాసేపటికి ఎండ ఎక్కింది. పొగ పలచబడి, పలచబడి, మాయమైంది. దిగేటప్పుడు నల్లరాయి పెనంలా కాలింది. ముసలి గురువుగారు భీముడి మోపు దగ్గర ఒకసారి, బురుజు దగ్గర ఒకసారి ఆగి, ఎండిన పెదాలు నాలుకతో తడుపుకున్నారు. యజ్ఞయ్యకు అది చూస్తే సిగ్గుతో ప్రాణం పోయినట్టయింది. తన గొంతూ పిడచకట్టింది. పొద్దున ఏ బావివో అని ముట్టని నీళ్లు ఇప్పుడు ఒక్క గుక్క దొరికితే చాలుననిపించింది.

పోశెట్టి ఇల్లు ఊరి మొదట్లోనే ఉంది. గుమ్మంలో అడుగుపెట్టకుండానే యజ్ఞయ్య దోసిలి పట్టాడు. మడీ ఆచారం అన్నీ ఎక్కడికి పోయాయో మరి. పోశెట్టి భార్య రాజవ్వ ముందు శాస్త్రిగారికి, తర్వాత అతనికి చెంబుతో నీళ్లు పోసింది. వంచిన తలమీదుగా ఆమె చేతులనుంచి వాసన కొట్టింది. అదే వాసన.

అతను తల ఎత్తి చూశాడు. అరుగు మీద నలుగురైదుగురు ఆడవాళ్లు ఒళ్లో చాటలు పెట్టుకుని కూర్చున్నారు. చాటల్లో కత్తిరించిన తునికాకు, పక్కన పొగాకు కుప్ప. పోశెట్టి తన భుజాన ఉన్న గొంగడి దులిపి వాళ్ల పక్కనే పరిచాడు, రోజూ పరిచే చోటే అన్నట్టు. వేళ్లు గబగబా ఆడుతున్నాయి, బీడీలు కట్టలవుతున్నాయి. ఎవరి దగ్గరా అగ్గిపెట్టె లేదు. ఎక్కడా పొగ లేదు.

"ఇక్కడ... కాల్చేదెవరమ్మా?" అని అడిగాడు యజ్ఞయ్య. ఇన్నాళ్లలో అతను ఎవరినైనా అడిగిన మొదటి ప్రశ్న బహుశా అదే.

ఆడవాళ్లందరూ గొల్లున నవ్వారు. "మేం సుడ్తం గని కాలుస్తమా అయ్యగారూ!" అంది రాజవ్వ. "మా ఆయనకైతె బీడీ అంటెనే దగ్గు. ఈ తాలూకల ఏ వాడకు వోయినా గిదే వాసన. ఇంట్ల ఒక్కదాన్నే కూసుంటె పొద్దు వోతదా? ఒక్కకాడ జమైతం, నాలుగు ముచ్చట్లు పెట్టుకుంటం, పని అయితది."

యజ్ఞయ్య ఆ అరుగు పక్కనే కూలబడ్డాడు. తన ఊళ్లోనూ వీధి వీధినా ఇలాంటి అరుగులే. పాఠశాలకు పోతూ రోజూ చూసేవాడు. కానీ పొగాకు వేరు, పొగ వేరు అని ఏనాడూ తట్టనంత మడిగా పెరిగిన మనిషి అతను. తెలిసినవాళ్లు లేని ఊళ్లో, పొద్దున తలుపు వేసుకుంటే మళ్లీ సాయంత్రం తను వచ్చేదాకా పలకరించే దిక్కులేని ఇంట్లో, విశాలాక్షి ఎలా కూర్చుందో అతను మొదటిసారి ఊహించాడు. పెట్టె సర్దుతున్నప్పుడు ఆమె ఒక్కసారి తనవైపు చూసిన చూపు గుర్తొచ్చింది. ఏమిటని అడుగుతాడేమోనని చూసిన చూపు అది.

శాస్త్రిగారు అప్పటికే లేచి చెప్పులు తొడుక్కుంటున్నారు. యజ్ఞయ్య పరుగున వెళ్లి ఆయన ముందు నిలబడ్డాడు. కళ్లలో నీళ్లు, ముఖంలో వెలుగు.

"తెలిసిపోయింది గురువుగారూ! ఆమె ఇలాంటి అరుగు మీద బీడీలు చుడుతూ కూర్చుని ఉంటుంది. పండితుడి భార్య చెయ్యరాని పని కదా, నాకు తెలిస్తే కోప్పడతానని దాచి ఉంటుంది. ఇంకేమీ లేదు. అంతే!"

శాస్త్రిగారు రెండో చెప్పు కూడా తొడుక్కున్నారు.

"అదీ పొగే నాయనా" అన్నారు అప్పుడు. "మీ అత్తగారి ఊరి బస్సు ఇటే వస్తుంది. వెళ్లి అడుగు. అడిగాక ఆ అమ్మాయి నీకు మంచినీళ్లిస్తే, నీ అదృష్టం."