వెదుళ్లవలస వెనుచూపులమ్మ

కనుమ మలుపు తిరగగానే భక్తులకు మొదట పక్క రాష్ట్రం వారి స్వాగతం బోర్డు కనిపిస్తుంది. అది చూసి మన రాష్ట్రం అయిపోయిందనుకొని వెనక్కు మళ్లకూడదు. ఊటపేట గూడెం కూడా దాటి ఆవలి వాగు దాకా పోతే, అక్కడ మన రాష్ట్రం బోర్డు ఉంటుంది. ఈ రెండు బోర్డుల నడుమ ఉన్న నేల ఎవరిదన్న సంగతి కోర్టులో ఉంది. ఊటపేట వారికి రెండు రేషన్ కార్డులు ఉన్నాయి, రెండు బడులు ఉన్నాయి, నడవడానికి రోడ్డు మాత్రం లేదు. ఆ మొదటి బోర్డు పక్కనే, సున్నం కొట్టిన పాత రాళ్ల గుట్టకు ఆనుకొని, పైకప్పు లేని చిన్న గుడిలో వెనుచూపులమ్మ కొలువై ఉన్నది.

అమ్మవారి ముఖం గుమ్మం వైపు ఉండదు. దండం పెట్టేవారికి ముందు జడ కనబడుతుంది. పక్కకు జరిగి వంగి చూస్తే చెంప, ఆ పైన కన్ను కనబడతాయి. శిల్పి చేతకానితనమని బయటినుంచి వచ్చిన చదువరులు కొందరు రాశారు. తెలియనివారు అడిగి రాయాలి. ఆ ముఖం ఎందుకు తిరిగిందో పెద్దలు చెప్పినది చెప్పినట్టు ఇక్కడ రాయబడింది.

పూర్వం ఇక్కడ వెదుళ్లవలస, ఊటపేట అని రెండు ఊళ్లు లేవు. ఊరు ఒకటే. ఈవల ఉన్నవి ఎగువ ఇళ్లు, ఆవల ఉన్నవి దిగువ ఇళ్లు, నడుమ కనుమ మీద గుడి. అప్పట్లో అమ్మవారి పేరు వట్టి పోలమ్మ. ఎండాకాలంలో ఇంకని ఊట దిగువన ఉండేది, ధాన్యం పండే చదును ఎగువన ఉండేది. ఒకరి నీళ్లు ఒకరు తాగి, ఒకరి బియ్యం ఒకరు తినేవారు. ఊరికి ఈవల అంతా కుంపిణీ దొరల సీమ. వాగు అవతల రాజావారి రాజ్యం. ఆ రెండు దేశాల నడుమ హద్దు ఉందని అందరికీ తెలుసు. తాడు పట్టి కొలిచిన పాపాన ఎవరూ పోలేదు.

కొలవనక్కరలేదు, ఎందుకంటే పొలి ఉంది. వైశాఖంలో అమ్మవారికి బలి ఇచ్చి, ఆ నెత్తురు కలిపిన అన్నం గంపకెత్తి, ఊరి చుట్టూ గట్టు వెంట చల్లుకుంటూ పోవడమే పొలి. పొలి పడిన గీతకు లోపల ఉన్నది ఊరు, అమ్మ రక్షణ. బయట ఉన్నది ఊరు కాదు. ఆ గీత మళ్లీ వైశాఖం వరకు చెల్లుతుంది, ఆ పైన కొత్తగా చల్లుకోవాలి. పొలి గంప మోసే హక్కు దాలయ్య ఇంటివారిది. ఎత్తిన గంప ఖాళీ అయ్యేదాకా నేల దించకూడదు, అన్నం మిగిల్చి ఇంటికి తేకూడదు, నోరు తెరవకూడదు, వెనుదిరిగి చూడకూడదు. ఈ కట్టుబాట్లు దాలయ్య తాతలు పెట్టినవి కావు, తాతల తాతలు పెట్టినవి.

ఒక ఏడాది దిగువ ఇళ్లలో గత్తర పుట్టింది. పొద్దున వాంతి చేసుకున్న మనిషి సాయంత్రానికి కట్టెల మీదికి పోయేవాడు. ఎగువ ఇళ్లలో ఇంకా ఒక్కరికీ తగల్లేదు. పెదకాపు కూర్మినాయుడు పెద్దలను కూర్చోబెట్టి తీర్పు చెప్పాడు. ఈ ఏడాది పొలి వాగు దాకా పోకూడదు, గుడి వెనకనుంచే తిప్పేయాలి, దిగువ ఇళ్లు బయట ఉండాలి, రోగం తగ్గాక పై ఏడాది పాత గట్టుకే పోదాం అన్నాడు. కాలు కుళ్లితే కాలు తీసేయరా అని కూడా అన్నాడు. ఆ మాటకు దాలయ్య తల దించుకున్నాడు. అతని చెల్లెలు కన్నమ్మను ఇచ్చింది దిగువ ఇళ్లకే.

గంప ఎత్తాక దాలయ్యకు నోరు లేదు. గుడి వెనక మలుపు తిప్పి చల్లుతుంటే కింద దారిలో కన్నమ్మ నిలబడి ఉంది. ఏం జరుగుతున్నదో ఆమెకు అర్థమైంది. ఏడవలేదు, పరుగెత్తి రాలేదు. "అన్నా, ఓ పాలి ఇటు సూడు. సూసి ఎల్లిపో" అంది. దాలయ్య చూడలేదు. కట్టుబాటు అది. మెడ పక్కకు లాగుతుంటే పళ్లు బిగించుకొని ముందుకు నడిచాడు. ఆ గీత ముగిసింది. దిగువ ఇళ్లవారు ఎగువకు రాలేదు, ఎగువవారు ఊటకు పోలేదు. చెలమలు తవ్వుకొని బురద నీళ్లు తాగారు. కన్నమ్మ మొగుడు ఆ వారంలోనే పోయాడని కొండ మీద కట్టెలకు పోయినవారు చెప్పగా దాలయ్యకు తెలిసింది. వానలు పడ్డాక గత్తర చల్లారింది. వైశాఖం ఎప్పుడొస్తుందా, పొలి వాగు దాకా ఎప్పుడు తీసుకుపోతానా అని దాలయ్య కాచుకొని ఉన్నాడు. అతనికి ఆ ఏడాది వేరే కోరిక లేదు.

వైశాఖం కంటే ముందు దొర వచ్చాడు.

మంచు పడే రోజుల్లో గొలుసులు, గుడారాలు, గుర్రం, దుబాసీ రామానుజులును వెంటబెట్టుకొని కొలతల దొర కనుమ ఎక్కాడు. కుంపిణీకి, రాజావారికి ఒప్పందం కుదిరిందట, హద్దు తేల్చాలట. మీ ఊరి గట్టు ఎక్కడని అడిగించాడు. కూర్మినాయుడు మీసం తడుముకొని, పొలి పడిన చోటే మా గట్టు, అందులో దాపరికం లేదు అన్నాడు. దొరకు ఆ మాట ఎంతో నచ్చింది. అయితే పొలి చల్లినవాడే నడిచి చూపించాలి, వెనక రాళ్లు వేయిస్తాను అన్నాడు.

అక్కడ పొరపాటు జరిగింది. అది మూర్ఖత్వమని అనేవారు అమ్మవారి ఎదుట అబద్ధం ఆడి చూడాలి. బలి లేకుండా కొత్త గీత నడిస్తే పొలి చెదురుతుంది, చెదిరితే గత్తర దారి పట్టుకొని వస్తుంది. అందుకని కూర్మినాయుడు పోయిన వైశాఖంలో నడిచిన గీతే నడవమన్నాడు. దాలయ్య నడిచాడు. వెనక రాయి మీద రాయి పడుతున్న చప్పుడు వింటూ నడిచాడు. గుడి వెనక్కు వచ్చేసరికి అతని కాళ్లు ఆగిపోయాయి. దుబాసీ వైపు తిరిగి, "బాబూ, ఇది ఈ ఏటి గీత. వైశాఖం పోతే సెల్లదు. అసలు గట్టు వాగు కాడుంది. ఆ దిగువ ఇళ్లు మావే" అన్నాడు.

దుబాసీ పకపకా నవ్వాడు. "ఏడాదికో చోటికి నడవడానికి హద్దు ఏమన్నా పిల్లి కూనరా, నోట కరుచుకొని ఇల్లిల్లూ తిప్పడానికి?"

ఏమంటున్నాడని దొర అడిగాడు. నడిచి నడిచి కాళ్లు నొప్పి పుట్టాయంటున్నాడని దుబాసీ చెప్పాడు. దొర జాలిపడి దాలయ్యకు పొగాకు ఇప్పించాడు. దాలయ్య దాన్ని అక్కడే వదిలేశాడు. ఆ దుబాసీ వంశంవారు ఈ మధ్య కారులో దర్శనానికి వచ్చారు. దర్శనం అమ్మది కాబట్టి కాదనలేదు. మంచినీళ్లు మాత్రం ఎవరూ ఇవ్వలేదు.

దొర గుడారం ఎత్తి ఇంకో హద్దు కొలవడానికి పోయాడు. అలాంటి దొరలు దేశదేశాల్లో గీతలు గీసి, ఓడలెక్కి వాళ్ల ఊళ్లకు వాళ్లు పోయారు. గీతకు అటూ ఇటూ పుట్టినవాళ్లు ఇంకా తుపాకులు పట్టుకొని నిలబడే ఉన్నారు.

రాళ్లకు సున్నం కొట్టిన మరునాడు మధ్యాహ్నం దాలయ్య గుడి అరుగు మీద కునుకు తీశాడు. కలలో పసుపు చీర కట్టిన ముత్తైదువ ఆ రాళ్ల గుట్ట మీద కూర్చొని కనిపించింది. వీపు అతనివైపు ఉంది. అమ్మా ఇటు తిరుగు అన్నాడు. "నువ్వు చూడలేదు కనుక నేను చూడవలసి వచ్చింది. మెడ నొప్పి పుడుతోందిరా దాలయ్యా. పొలి పాత గట్టు తొక్కనీ" అంది. ఉలిక్కిపడి లేచి గుడిలోకి పోయి చూస్తే, తరతరాలుగా ఎగువ ఇళ్లవైపు చూసిన పోలమ్మ ముఖం దిగువ ఇళ్లవైపు తిరిగి ఉన్నది. ఎవరో రాత్రికి రాత్రి తిప్పారని పక్క రాష్ట్రం వారి పుస్తకంలో ఉన్నది. అది మధ్యాహ్నం జరిగింది. రాయడానికైనా పొద్దు తెలియాలి.

వైశాఖం వచ్చింది. ఈ ఏడు కూడా పొలి రాళ్ల దగ్గరే తిరిగితే ఆ గీత ఇక మారదని, కన్నమ్మ పరాయి దేశపు మనిషి అయిపోతుందని దాలయ్యకు తెలుసు. తెల్లవారుతుండగా గంప ఎత్తాడు. ఎగువ గట్టంతా చల్లుకుంటూ ఎండెక్కేసరికి కనుమకు వచ్చాడు. రాళ్లకు ఈవల కుంపిణీ సిపాయిలు, ఆవల రాజావారి కాలిబంట్లు, పైకులు, కాపు కాస్తున్నారు. పొలి పడిన చోటే గట్టని దొర రాసుకున్న మాట రెండు కచేరీలకూ చేరింది. ఇప్పుడు పొలి అంటే పూజ కాదు, నేల మీద దావా. కుంపిణీ మనిషి ఒక్క మెతుకు రాజ్యంలో చల్లినా చెయ్యి నరకమని పైకులకు ఆజ్ఞ. గీత దాటినవాణ్ణి కాల్చమని సిపాయిలకు ఆజ్ఞ.

దాలయ్య గుట్ట దగ్గర ఆగిపోయాడు. ముందుకు పోతే చావు. వెనక్కు పోతే అన్నం మిగిలిన గంపతో ఇంటికి పోయినట్టు. దించుదామంటే నేల తాకకూడదు. రాళ్ల వెంట చల్లుకుపోతే ఆ గీతను తన చేత్తో మళ్లీ గీసినట్టు. ఎండలో నిలబడ్డాడు. సిపాయిలు మొదట నవ్వారు. గంపలో కోడి గుడ్డు పెట్టిందా ఏమిటి, దించడం లేదు అన్నారు. పొద్దు నడినెత్తికి వచ్చింది. గంప అంచు నుదుటి మీద కోసుకుపోయి నెత్తురు కంట్లోకి దిగుతున్నా అతను చెయ్యి మార్చలేదు. అప్పటికి నవ్వులు ఆగిపోయాయి. వెనక కూర్మినాయుడు, ఎగువ జనం బాణాలు ఎక్కుపెట్టి ఉన్నారు. తుపాకుల వత్తులు ముట్టించారు. ఒక్క దగ్గు వినబడితే చాలు, కనుమ నిండా శవాలు పడేవి.

అప్పుడు దిగువ దారిలోంచి కన్నమ్మ వచ్చింది. బోడి మెడ, తెల్ల చీర. ఏడాదిగా అన్న పేరు ఎత్తని మనిషి. పైకుల పెద్ద అడ్డం వచ్చి ఎక్కడికని అడిగాడు. నా దేశంలో నేను నడుస్తున్నాను, గీత దాటితే అప్పుడడుగు అంది. గుట్టకు అవతలి పక్క నిలబడి కొంగు పట్టింది.

"పెట్టన్నా. ఏడాది నుండి బయటే ఉన్నాం."

దాలయ్య కదలలేదు. పొలి ఆడవాళ్లు చల్లడం ఎన్నడూ లేదు. విధవరాలు చల్లడం అసలే లేదు. గంప ఎత్తాక మాట్లాడకూడదు కనుక నోటితో చెప్పలేకపోయాడు. కన్నమ్మే అడిగింది.

"కట్టుబాటేనా? ఆ యేడు కట్టుబాటుకే కదా నాకేసి సూడనేదు. ఎవులు బాగుపడ్డారన్నా?"

దాలయ్య తల ఎత్తాడు. వెనుదిరిగి కనుమను, గుడిని, గుడి వెనక గోడ మీదుగా ఇటే చూస్తున్న అమ్మ ముఖాన్ని చూశాడు. ఆ తరువాత చెల్లెలి ముఖం చూశాడు. తాతల తాతల కట్టు అక్కడ తెగింది. గుట్ట మీదుగా వంగి, గంపలోని అన్నమంతా ఆమె కొంగులోకి ఒంపాడు. ఒక్క మెతుకు కూడా రాళ్ల మీద పడలేదు.

సిపాయిలు పైకుల పెద్దను చూశారు. అతను రాళ్లకు ఇటూ అటూ చూశాడు. కుంపిణీ మనిషి గీత దాటలేదు, రాజావారి మనిషి రాజావారి నేల మీద అన్నం చల్లుకుంటున్నది, దానికి ఆజ్ఞ లేదు అన్నాడు. కన్నమ్మ వాగు దాకా పోయి, పాత గట్టు పొడుగునా పొలి చల్లింది. రాళ్ల వరుస అవతలి కొసన, దాలయ్య మొదలుపెట్టిన చోటికి ఆనుకొని, గీత దాటకుండానే ముగించింది. అడుగడుగునా వెనుదిరిగి చూస్తూ చల్లింది. గీత కలిసింది. కాగితం మీద రెండు దేశాలైన ఊరు అమ్మ లెక్కలో మళ్లీ ఒకటైంది.

పొలి పాత గట్టు తొక్కింది కదా, అమ్మ ముఖం ఇటు తిరుగుతుందని ఎగువవారు కాచుకున్నారు. తిరగలేదు. శాంతి చేయిద్దామని కూర్మినాయుడు అన్నాడట. కన్నమ్మ వద్దంది. "ఉండనియ్యండి. ఒకరైనా ఇటు సూత్తుండాల" అంది. నాటి నుండి పోలమ్మ వెనుచూపులమ్మ అయింది.

కుంపిణీ పోయింది, రాజావారు పోయారు, రాళ్లు మాత్రం అక్కడే ఉన్నాయి. సర్వే వారు ఇటునుండి ఒకసారి, అటునుండి ఒకసారి వచ్చి వాటికే సున్నం కొట్టి పోతుంటారు. వైశాఖంలో ఇరుపక్కల పోలీసులూ వచ్చి నిలబడతారు. నెత్తురుకు బదులు ఇప్పుడు పసుపు కుంకుమ కలిపిన అన్నం. ఎగువ గట్టు దాలయ్య ఇంటివాడు చల్లుతాడు, దిగువ గట్టు ఊటపేట ఆడపడుచు చల్లుతుంది. గట్టు తగాదా పడి మాటలు మానుకున్న అన్నదమ్ములు, పుట్టింటి గడప తొక్కని ఆడపడుచులు ఆ రోజు వచ్చి, గుట్టకు చెరొక పక్క నిలబడి ఒకరి దోసిట్లోంచి ఒకరి దోసిట్లోకి అన్నం పోసుకుంటారు. అలా పోసుకున్నవారి నడుమ పగ నిలవదని, వారి పిల్లలకు గత్తర, మశూచి రావని, ఇంట నీటికి కరువుండదని పెద్దల మాట.

ఒక నియమం మాత్రం తప్పనిసరి. గంప తెచ్చినవాడు గుట్ట దగ్గర ఆగి, తల తిప్పి, అవతలి మనిషి ముఖం చూడాలి. చూడకుండా చేయి చాచినవాడికి ఊటపేట ఆడపడుచు కొంగు పట్టదు.